కొంగుముడిలో అంకె

ఉదయశ్రీ మూడేళ్ళు చెమటోడ్చి తయారుచేసిన కంప్యూటర్ మోడల్‌కి మాకవరపాలెం జీడితోటలు ఎదురుతిరిగాయి. చెరకు తీసేసి జీడిమామిడి వేస్తే నేలలో కర్బనం ఎంత మిగులుతుందో చెప్పే మోడల్ అది. ఇక్కడ అర శాతం ఉంటుందని అది చెబితే, మట్టి పరీక్షలో దాదాపు రెట్టింపు తేలింది.

"ఆ తోటల్ని లెక్కలోంచి తీసెయ్యండి, లేదా మోడలే తప్పని ఒప్పుకోండి. నెలాఖరులోగా తేల్చాలి," అన్నారు విశాఖలో ఆమె పరిశోధనకి గైడు హేమసుందర్. నర్సీపట్నంలో పుట్టిపెరిగిన పిల్లని సొంతగడ్డ మట్టి పారెయ్యమంటే ఒళ్ళు మండదూ? మర్నాడు పొద్దున్నే స్కూటీ తీసింది.

మాకవరపాలెం తోటలో రైతు ఇంటావిడ అప్పయమ్మ రాలిన ఆకు ఊడుస్తోంది. రాలిన జీడిపిక్కలు కనబడాలంటే తోటని వాకిలిలా ఊడ్చి పెట్టుకోవాలి.

"ఇదంతా కాల్చేస్తారు కదండీ?"

"ఎవులు సెప్పారమ్మా? ఓ ఏడు నిప్పు ఎగిరి పక్కతోట కాలిపోనాది. అప్పట్నించీ మా ఆడోళ్ళం గొయ్యి తీసి కప్పెట్టేత్తన్నాం. పన్నెండేళ్ళయింది."

ఉదయశ్రీ నాలుక కరుచుకుంది. తన ప్రశ్నల కాగితంలో ఆకు కాలుస్తామని రాయించినవాళ్ళంతా టీకొట్టు దగ్గర దొరికిన మగవాళ్ళు. పాస్‌బుక్కులు వాళ్ళ పేర్న ఉన్నాయని వాళ్ళనే అడిగింది. వాళ్ళలో చీపురు పట్టిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

పొగలో పోయిందనుకున్న ఆకుని మోడల్‌లో మళ్ళీ నేలలోకి చేర్చింది. అంకె చక్కగా కుదిరింది. హేమసుందర్ మాత్రం పెదవి విరిచారు. "జవాబు తెలిశాక ఎవరికైనా కుదురుతుంది. తెలియక ముందు చెప్పండి చూద్దాం."

సరే, చూద్దాం అనుకుంది. గెడ్డవాగు అవతల సింగన్న తోట ఉంది. అక్కడి మట్టి ఎవరూ పరీక్షించలేదు. అతని భార్య సోమలమ్మ ఆరేళ్ళుగా ఆకు కప్పెడుతోందట. ఉదయశ్రీ మోడల్ చెప్పిన అంకెని కాగితం మీద రాసి, మడిచి, ఫలితం వచ్చేదాకా దాచమని అప్పయమ్మ చేతిలో పెట్టింది. అప్పయమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది. మట్టి సంచి ల్యాబుకి పోయింది.

పది రోజులకి హేమసుందర్ ల్యాబు కవరుతో స్వయంగా తోటకే వచ్చారు. ఉదయశ్రీ ఎదురెళ్ళింది. మూడేళ్ళ బతుకు ఆ రెండు కాగితాల్లో ఉంది మరి.

"ముడి విప్పండి," అన్నారాయన.

అప్పయమ్మ తీరిగ్గా విప్పి ఇచ్చింది. కాగితంలో సున్నా పాయింట్ ఏడు నాలుగు. కవర్లో సున్నా పాయింట్ ఏడు ఆరు.

హేమసుందర్ రెండూ పక్కపక్కన పెట్టి రెండుసార్లు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "తోటలు ఉంచండి," అన్నారు. "మిగతా మండలాలకి కూడా ఇదే మోడల్ నడపండి. ఆ ప్రశ్నల కాగితం మాత్రం మార్చండి."

"మార్చేశాను సార్. మొదటి ప్రశ్న, తోట ఎవరు ఊడుస్తారు?"

అప్పయమ్మ మళ్ళీ చీపురు అందుకుంది.

"ఈసారి ఏటి కావాలన్నా బేగి నా కాడికి వచ్చీయమ్మా," అంది. "టీకొట్టు కాడ ఆగిపోకు."