ఏట్లో పోసిన నీళ్లు

నాలుగు ట్యాంకర్లు వెనక్కి వెనక్కి దిగి ఏట్లో నీళ్లు పోయడం నేను కళ్లారా చూశాను. పిచ్చి పని కాదు, సర్కారు ఉత్తర్వు. కంకర తవ్విన గుంత వల్ల ఏటికి తగ్గిన నీళ్లు కాంట్రాక్టరే తిరిగి ఇవ్వాలట. ఆఫీసర్లు ఫొటోలు తీసుకున్నారు. వాళ్లు జీపెక్కే లోపే ఇసుక ఆ నీళ్లు తాగేసింది.

గట్టు మీద మా ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడ్డారు. ఇసుకలో తవ్వుకున్న మంచినీళ్ల చెలమలు ఎండి ఇరవై రోజులైంది. రసూల్‌బీ ట్యాంకరు కింద బిందె పెట్టబోతే కాంట్రాక్టరు వాచ్‌మన్ దాన్ని కాలితో తన్నాడు.

"ఇవి ఏటికిచ్చే నీళ్లు. మీకు కాదు!"

నేను కూలి సంఘం మనిషిని. మర్నాడు అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. ఆఫీసరు ఫైలు తిప్పి చూపించాడు. "గుంత నీళ్లు పైపుల ద్వారా మా పొలాలకు అందుచున్నవి. నష్టం తీరినది." కింద మా ఊరి మిర్చి రైతుల సంతకాలు, నలభై మందివి. మొదటిది రెండెకరాల కౌలు రైతు బాపయ్యది. నా ఒళ్లు మండిపోయింది. గుంత ఏటికన్నా లోతు. ఏటి నీళ్లు అందులోకి దిగితే, కంకర తవ్వుకోడానికి మోటార్లతో తోడి మాకే దానం చేస్తున్నాడు కాంట్రాక్టరు దొంగ!

ఆ సాయంత్రం మిర్చి కల్లంలో మీటింగు.

"అప్పుడు కాయ దిగే టైము," అన్నాడు బాపయ్య తలెత్తకుండా. "కాంట్రాక్టరు పైపు చేలో పడేసి సంతకం పెట్టమన్నాడు, పెట్టా. ఏం రాశాడో చదవలా."

కాయకోత ముఠాని నడిపే వెంకటేశ్వరమ్మ లేచింది. "నీ చేనుకి తడి పెడుతుంటే మా చెలమలు ఎండినయ్. మేం ఏం తాగాలన్నా?"

"నేనొక్కణ్ణి పైపు తీస్తే పక్కోడు తీస్తాడా?"

"తీయిస్తాం. పైపులన్నీ పీకిందాకా మా చెయ్యి కాయ మీద పడదు. ఏ చేలోనూ."

రైతులు ఒక్కసారే లేచారు. "పండిన కాయ రాలిపోద్ది! కాంట్రాక్టర్ని వదిలేసి మా మీద పడతారేందే?"

నాకూ అదే సబబనిపించింది. రైతులతో తగువొద్దన్నాను.

"నువ్వు రాసుకో, మధ్యలో మాట్లాడబాక," అందామె. నేను తప్పని ఆరు రోజుల్లో తెలిసింది.

ఐదు రోజులు చేలు ఎర్రగా పండి ఉన్నాయి, కోసే చెయ్యి లేదు. పక్క ఊరి కూలీలు సంగతి విని ఆటో దిగకుండానే వెనక్కి పోయారు. ఆరో రోజు బాపయ్య పైపు చుట్ట భుజాన వేసుకొచ్చి గుంత గేటు ముందు పడేశాడు. వెనకే మిగతా ముప్పై తొమ్మిది మంది. రైతులూ కూలీలూ కలిసి మోటార్లు ఆపి చుట్టూ కూర్చున్నాం.

మోటార్లు ఆగిన మూడో రోజు రసూల్‌బీ చెలమ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చింది. చెంబులో సగం నీళ్లు, సగం బురద. "ఊరుతున్నయ్యే!" అని ఏడ్చింది. ఆ చెంబు చేతులు మారింది. నాకూ ఏడుపొచ్చింది.

నాలుగో రోజు పోలీసులొచ్చారు. ఆఫీసరు కొత్త కాగితం చదివాడు. రైతులే నీళ్లు వద్దన్నారు కాబట్టి కాంట్రాక్టరు బాధ్యత తీరిందట! తీసుకున్నా తీరింది, వద్దన్నా తీరింది. వెంకటేశ్వరమ్మని జుట్టు పట్టి వ్యాన్లోకి లాగారు. మోటార్లు మళ్లీ మొదలయ్యాయి.

బాపయ్య వ్యాన్‌కి అడ్డం నిలబడ్డాడు. "సంతకం పెట్టిందీ నేనే, పైపు పీకిందీ నేనే. నన్నూ ఎక్కించండి." ఎక్కించారు. లాఠీలతో కొట్టి మరీ ఎక్కించారు.

మర్నాడు తెల్లారేసరికి ముఠా అంతా బాపయ్య చేలో ఉంది. ఎవరూ పిలవలేదు. మధ్యాహ్నానికి రెండెకరాలూ కోసి కల్లంలో పోశారు. ఏ ఒక్కరూ ఇంటికి పోలేదు, మోటార్లు ఆపాలని గుంత దారి పట్టారు. దారిలో రైతులు కలిశారు, గేటు దగ్గరికొచ్చేసరికి రెండొందల మందిమి. వాచ్‌మన్ అడ్డం రాబోయాడు. మిరప మంట ఆరని చేతులతోనే గేటు తోశాం.