చుక్కమ్మ తాగిన కుడితి

పశువు మూతి పెట్టే తొట్టిలో ఇంకోటి కలపకూడదని బుల్లెమ్మ వందసార్లు చెప్పింది. చెప్పిన మాట వినడం ఆమె మొగుడు పోలయ్య జాతకంలో లేదు. చెడ్డవాడా అంటే కాదు. తాగడు, పెళ్లాం మీద చెయ్యెత్తడు, చేపల చెరువు కాపలా పనికి ఒక్కరోజు ఎగనామం పెట్టింది లేదు. "ఒక్కసారికి ఏమవుద్దిలే" అనే జబ్బు మాత్రం ఉంది. ఆ జబ్బుకి ఇటు కైకలూరులోనూ అటు ఏలూరులోనూ మందు దొరకదు.

రెండువేల ఏడు, మార్చి నెల. కొల్లేరు అంచున చిన్న ఊరు వాళ్లది. ఇంటి వాకిట్లోంచి నాలుగడుగులు వేస్తే చెరువు గట్టు. ఆ వేళ చెరువులో యూరియా చల్లాలి. నీళ్లు పచ్చబడితే చేపలకి మేత పుడుతుందని చల్లుతారు. గుళికలు ఊరికే విసిరితే ఒకేచోట కరిగి కూర్చుంటాయి కాబట్టి ముందు డ్రమ్ములో కరిగించి, ఆ నీళ్లని పడవ మీద తిరుగుతూ చెంబుతో చల్లడం అక్కడి పద్ధతి. ఆ డ్రమ్ము అడుగు తుప్పుపట్టి ముందురోజే ఊడిపోయింది. బుల్లెమ్మ బట్టల మూట ఎత్తుకుని కాలవకి వెళ్లింది. వాకిట్లో గేదె గుంజ పక్కన, నీలం ప్లాస్టిక్ పీపాని అడ్డంగా కోసి చేసిన కుడితి తొట్టి ఖాళీగా కనపడింది. పోలయ్య అటూ ఇటూ చూశాడు. సొంత ఇంట్లో సొంత తొట్టి తీసుకోవడానికి దొంగచూపులు చూసిన మగాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే అయ్యుంటాడు.

చల్లడం అయ్యాక, బుల్లెమ్మ రాకముందే తొట్టి తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టాడు. అడుగున రెండు చెంబుల యూరియా నీళ్లు మిగిలాయి, మంచినీళ్లలాగే తేటగా. పారబోసి కడుగుదామని వంగాడో లేదో చెరువు మీద రెక్కల చప్పుడు వినిపించింది. గూడబాతులు! గుంపుకి గుంపు దిగుతున్నాయి. అవి దిగితే చేపలు మిగలవు, చేపలు పోతే కాపలావాడి ఉద్యోగం ఉండదు. వచ్చి కడగొచ్చులే అనుకుని రేకు డబ్బా పుచ్చుకుని గట్టు మీదకి పరిగెత్తాడు. డబ్బా వాయిస్తూ, కేకలేస్తూ చెరువు చుట్టూ తిరిగేసరికి తొట్టి సంగతి బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది.

బుల్లెమ్మ కాలవ నుంచి వచ్చి బట్టలు ఆరేసి, ఎప్పటిలాగే బియ్యం కడుగు, గంజి, రెండు దోసిళ్ల తవుడు, కాస్త ఉప్పు తొట్టిలో పోసి చేత్తో కలిపింది. ఈనిన గేదెకి దాహం ఎక్కువ. చుక్కమ్మ మూతి ముంచి గుటకలు వేస్తూ అడుగంటా తాగేసింది.

చుక్కమ్మంటే బుల్లెమ్మకి పాడిగేదె మాత్రమే కాదు. దాని తల్లి ఈనిన వారానికే చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది. నుదుటి మీద తెల్లమచ్చ చూసి పేరు పెట్టింది. రెండేళ్ల కిందట కొల్లేరు పొంగి ఇళ్లు మునిగినప్పుడు అందరూ బియ్యం మూటలు, పెట్టెలు నెత్తినెత్తుకుని రోడ్డెక్కితే, బుల్లెమ్మ మొలలోతు నీళ్లలో ఈ పడ్డని పట్టుకుని నడిచింది. తొమ్మిది రోజులు రోడ్డు మీద టార్పాలిన్ కింద దాని వీపుకి ఆనుకుని పడుకుంది. ఇరవై రోజుల కిందట అది తొలిచూలు ఈనింది. పెయ్యదూడ పుట్టిందని బుల్లెమ్మ వీధంతా జున్ను పంచింది.

కుడితి తాగిన అరగంటకి చుక్కమ్మ చెవులు వణకడం మొదలెట్టాయి. తర్వాత తొడలు వణికాయి. నోట్లోంచి నురగ కారింది. పళ్లు పటపట కొరుకుతూ, ఎడమ డొక్క ఉబ్బుతూ, గుంజ చుట్టూ తూలుతూ తిరుగుతోంది. బుల్లెమ్మ పెట్టిన కేకకి గట్టు మీదున్న పోలయ్య డబ్బా అక్కడే పారేసి వచ్చాడు.

వచ్చీరాగానే అతని కళ్లు తొట్టి మీద పడ్డాయి. తొట్టి అంచుకి తవుడు అంటుకుని ఉంది. అడుగున చుక్క లేదు.

ఏం జరిగిందో ఆ వాకిట్లో ఉన్నవాళ్లలో అతనొక్కడికే తెలిసింది.

"మావా, చూడు మావా, ఎలాగైపోతందో! ఇందాకటిదాకా బానే ఉంది. ఎవరి కళ్లు పడ్డాయో, ఏ పురుగు ముట్టిందో!" బుల్లెమ్మ గేదె మెడ కావలించుకుని ఏడుస్తోంది. "చుక్కమ్మా, నా తల్లీ, నిలబడవే."

చెప్పెయ్యాలి. చెప్పాలనే నోరు తెరిచాడు. ఈలోగా వీధి వీధంతా వాకిట్లోకి వచ్చేసింది. ఇంతమంది ముందు, "నువ్వు వద్దన్న పని చేశాను, నీ గేదెకి విషం పెట్టాను" అని ఎలా చెప్పడం? చెబితే బుల్లెమ్మ ముఖం ఎలా మారుతుందో తలుచుకుని తెరిచిన నోరు మూసేశాడు. కాసేపాగి చెబుదాం, ఒకవేళ అదే తగ్గిపోతుందేమో అనుకున్నాడు. మళ్లీ ఆ పాత జబ్బే. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటూ నిలబడిపోయాడు.

"డొక్క ఉబ్బింది చూశావా? వాతం!" అన్నాడు పెద్దాయన బంగార్రాజు. ఊళ్లో పశువుల వైద్యం ఆయనదే. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమన్నట్టు, ఆయన దగ్గర ఏ రోగానికైనా వేరుశనగ నూనెలో ఇంగువ కలిపి పట్టడమే వైద్యం. "నూనె తెండమ్మా, గొట్టం తెండి. ఒరే పోలయ్యా, చూస్తావేంట్రా, తల పట్టుకో!"

పోలయ్య తల పట్టుకున్నాడు. అది పనికిరాని మందని తెలిసీ పట్టుకున్నాడు. సగం నూనె గొంతులోకి పోయింది, సగం అతని చేతుల మీద కారింది. చుక్కమ్మ వణుకు చేతుల్లోంచి అతని ఒంట్లోకి ఎక్కింది. నొప్పితో అది మూలుగుతుంటే, పాకలో కట్టేసిన దూడ తల్లి గొంతు గుర్తుపట్టి బదులు అరుస్తోంది. ఎంత రాతిగుండె అయినా ఆ రెండు అరుపుల మధ్య నిలబడలేదు. పోలయ్యది రాతిగుండె కాదు, పిరికిగుండె. పిరికివాడు నిలబడతాడు.

ఎవరో సెల్‌ఫోన్లో పశువుల డాక్టరు గంగాధరరావుగారిని పట్టుకుని, ఫోను పోలయ్య చేతికిచ్చారు.

"ఏం మేసిందయ్యా? ఏం తాగింది?"

"రోజూ పెట్టేదేనండీ. గడ్డి, కుడితి."

"మందుగానీ, ఎరువుగానీ ఏవైనా తగిలిందా? చెరువుల దగ్గరోళ్లు కదా మీరు. బాగా గుర్తు చేసుకుని చెప్పు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పోలయ్య చుట్టూ చూశాడు. ఎదురుగా బుల్లెమ్మ రెండు చేతులూ జోడించి అతని నోటికేసే చూస్తోంది, డాక్టరుగారు చెప్పే మందు అతని నోట్లోంచి ఊడిపడుతుందన్నట్టు.

"లేదండీ," అన్నాడు.

"అలాగైతే పాము కాటేమో చూడాలి. నేను ఏలూరులో ఉన్నాను. మా ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసే విక్టోరియాగారు అటు పక్క ఊళ్లోనే ఉన్నారు, పంపుతాను. ఈలోగా పడుకోనివ్వకండి."

పాము కాటన్న మాట చెవిన పడగానే జనం రెండుగా చీలారు. సగం మంది కాళ్ల మీద గాట్లు వెతుకుతున్నారు. సగం మంది కర్రలు పుచ్చుకుని గడ్డివాము చుట్టూ పామును వెతుకుతున్నారు. బుల్లెమ్మ చుక్కమ్మ కాళ్లు ఒక్కొక్కటే కడిగి, వెంట్రుక వెంట్రుకా పాయ తీసి చూస్తోంది. లేని గాటు ఎక్కడ దొరుకుతుంది? ఆమె పక్కనే కూర్చుని పోలయ్య కూడా వెతికాడు. ఇంతకన్నా సిగ్గుమాలిన పని అతని జీవితంలో ఇంకోటి లేదు. అది అతనికీ తెలుసు.

చుక్కమ్మ ముందుకాళ్లు మడతపడ్డాయి. పదిమంది కలిసి ఎత్తి నిలబెట్టారు. మళ్లీ పడింది. ఈసారి లేవలేదు.

అప్పుడొచ్చింది విక్టోరియా, టీవీయస్ బండి మీద దుమ్ము రేపుకుంటూ. దెందులూరు మనిషి, నలభయ్యేళ్లుంటాయి. సంచి దించుతూనే గేదె నోరు తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కనురెప్ప ఎత్తింది. ఉబ్బిన డొక్క మీద వేళ్లతో తట్టింది.

"ఎవరండీ దీని తాలూకు?"

"మేమేనండీ," అన్నాడు పోలయ్య.

"చూడండీ, ఇది పాము కాటైతే ఒక దారి, యూరియా అయితే ఇంకో దారి. యూరియా అయితే ఇప్పటికిప్పుడు బిందెలకొద్దీ పులుపు పొయ్యాలి. నాకు యూరియాలాగే ఉంది. దీని నోటికి అందే అవకాశం ఉందా?"

"మా ఇంట్లో యూరియా ఎక్కడిదండీ?" అంది బుల్లెమ్మ. "చెరువుది చెరువు దగ్గరే ఉంటది. నా వాకిట్లోకి రానివ్వనండీ నేను."

ఎంత నమ్మకంగా అందో! ఆ నమ్మకమే పోలయ్యని పడగొట్టింది. నేల మీద చతికిలబడి, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు.

"తొట్టిలో కలిపానండీ. పొద్దున్న. కడగలేదు."

బుల్లెమ్మ అతనికేసి తిరగలేదు. లేచి, కొంగు నడుముకి బిగించి, "పులుపంటే ఏవైనా పర్వాలేదాండీ డాక్టరమ్మగారూ?" అని మాత్రం అడిగింది.

"ఆయ్, ఏదైనా! చింతపండు, పుల్లమజ్జిగ, నిమ్మకాయలు, ఏదుంటే అది. చల్లనీళ్లు కూడా. తొందరగా అండీ!"

బుల్లెమ్మ ఇంటింటికీ పరిగెత్తింది. గడప గడపకీ నిలబడి, "పులుపు పెట్టండమ్మా, పులుపు పెట్టండమ్మా" అని అడుక్కుంది. జున్ను పంచిన ఇళ్లే అన్నీ. ఆడవాళ్లు చింతపండు పిసికి చెంబులతో తెచ్చారు, ఉట్టి మీది మజ్జిగ దుత్తలు దించారు. బంగార్రాజు నూనె గొట్టం పక్కన పడేసి, "నిన్నటి కల్లు! బాగా పులిసిపోయుంటది, అంతకన్నా పులుపేవుంది!" అని అరిచాడు. కల్లు గీసే చిట్టబ్బాయి సైకిలు మీద రెండు కుండలు తెచ్చాడు. తిట్టేవాడు, తప్పు పట్టేవాడు ఒక్కడు లేడు. తిట్టినా పోలయ్యకి అంత బాధ ఉండేది కాదు.

"తల మరీ ఎత్తకండి, ఊపిరితిత్తుల్లోకి పోద్ది," అంటూ విక్టోరియా గొట్టంతో పోస్తోంది. డొక్కలో లావుపాటి సూది దించి గాలి తీసింది. పోలయ్య తల పట్టుకున్నాడు. "మింగవే, మింగవే, నీ కాళ్లు పట్టుకుంటాను మింగవే," అంటున్నాడు. ఒక కుండ అయింది. మజ్జిగ అయింది. రెండో కుండ సగమయ్యేసరికి వణుకు తగ్గింది. చెవి ఒకటి కదిలింది. పాకలో దూడ అరిచింది, చుక్కమ్మ తల అటు తిప్పింది.

"తిప్పింది! తల తిప్పింది!" అని వాకిలంతా గొల్లున అరిచింది. బుల్లెమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది, ఏ దేవుడికో ఆమెకే తెలియదు. విక్టోరియా కూడా కళ్లు మూసుకుని తన ప్రభువుని తలుచుకుంది.

ఆ తల మళ్లీ ఇటు తిరగలేదు. అలాగే దూడవైపు వాలిపోయింది. కాళ్లు రెండుసార్లు బిగుసుకుని వదిలాయి. పోస్తున్న కల్లు మూతి పక్క నుంచి అలాగే బయటికి కారిపోయింది. విక్టోరియా గొట్టం తీసేసి చాలాసేపు గుండె మీద చెయ్యి పెట్టి చూసింది.

"అయిపోయిందమ్మా," అంది. "ఒక్క ముప్పావుగంట ముందు పోసుంటే..." అని మొదలెట్టి, బుల్లెమ్మ ముఖం చూసి ఆపేసింది. అనకుండా ఉండాల్సింది. కానీ అనేసింది.

జనం ఒక్కొక్కరే జారుకున్నారు. ఖాళీ చెంబులు, దుత్తలు ఎవరివి వాళ్లు పట్టుకెళ్లారు. విక్టోరియా దూడకి పాలు ఎలా పట్టాలో, ఎంత పట్టాలో చెప్పి, మందు సీసా ఒకటి ఊరికే ఇచ్చి వెళ్లింది. వాకిట్లో పుల్లటి వాసన మిగిలింది. బుల్లెమ్మ చుక్కమ్మ మూతికంటిన తవుడు తన కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

"మావా."

"ఊఁ."

"యూరియా సంగతి నీకెప్పుడు గుర్తొచ్చింది?"

డాక్టరమ్మ అడిగాకే అని చెబితే సరిపోయేది. బుల్లెమ్మ నమ్మేది కూడా. ఆ ఒక్క అబద్ధంతో కాపురం యథాప్రకారం నడిచేది. నోటి దాకా వచ్చిన అబద్ధాన్ని పోలయ్య ఆ రోజుకి మొదటిసారి మింగేశాడు.

"రాగానే," అన్నాడు. "తొట్టి చూడగానే."

బుల్లెమ్మ తల ఊపింది. ఏడుపు లేదు, కోపం లేదు.

"కలపడం పొరపాటే మావా. కడక్కుండా పోసింది నేను, అందులో నా తప్పూ ఉంది. అది మర్చిపోతాను." చుక్కమ్మ నుదుటి మీది తెల్లమచ్చ నిమిరింది. "నువ్వు వచ్చేసరికి అది నిలబడే ఉంది."

పోలయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. బుల్లెమ్మ లేచి పాకలోకి వెళ్లి, ఆకలికి గుక్కపట్టి అరుస్తున్న దూడ కట్టు విప్పి, పాడి ఉన్న ఇల్లు వెతుక్కుంటూ దాన్ని వీధిలోకి నడిపించుకుపోయింది.