ఉండ కడుపులో

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరినడిగినా చెబుతారు. అమీర్‌పేటలో మూడో అంతస్తు, కంప్యూటర్ కోర్సుల ఆఫీసు, ముందు బల్ల దగ్గర కూర్చునేది నేను. డెమో క్లాసు విని చల్లగా జారుకునే పిల్లల్ని మెట్ల దాకా వెంటపడి వెనక్కి తెచ్చిన రోజులున్నాయి. ఆ కోపంతో చాలా పనులు చక్కబెట్టుకున్నాను. ఒక్క పని పాడు చేసుకున్నాను. అది తలుచుకుంటే నన్ను నేనే రెండు చెంపలూ వాయించుకోవాలనిపిస్తుంది.

మా పుట్టిల్లు ఎర్రమంజిల్ క్వార్టర్స్. నాన్న హనుమాండ్లు అక్కడే ఒక ఆఫీసులో అటెండరు. మేం కురుమలం. జనగామ దగ్గర మా మేనమామకు ఇప్పటికీ గొర్రెలున్నాయి. ఏడాదికోసారి ఆయన సంచి నిండా బొచ్చు పంపేవాడు. మా అమ్మ రాజమ్మ క్వార్టర్ మెట్ల మీద కూర్చుని, కదురు తిప్పుతూ దాన్ని దారంగా వడికి ఉండలు చుట్టేది. ఆ ఉండల్ని కడగడానికి మళ్లీ చిలపలుగా, అంటే పొడుగాటి వదులు చుట్టలుగా, విప్పే పని చిన్నప్పుడు నాది.

క్రైస్తవుల అబ్బాయి ఫ్రెడ్డీని పెళ్లి చేసుకుంటానని ఇంట్లో చెప్పిన రోజు నాన్న ఒకటే మాటన్నాడు.

"పోతే పో. మల్ల గీ గడప తొక్కకు."

అమ్మ ఆయన వెనకే నిలబడి ఉంది. నోరు మెదపలేదు. నాన్న మాట కన్నా అమ్మ మౌనమే నాకు ఎక్కువ మండింది. ఎర్రమంజిల్ నుంచి అమీర్‌పేటకు మెట్రోలో రెండో స్టేషన్, మధ్యలో పంజాగుట్ట ఒక్కటే. ఆ దూరం మూడేళ్లు అమ్మానాన్నా దాటలేదు, నేనూ దాటలేదు.

నాకు ఆరో నెల నడుస్తుండగా, ఒక సాయంత్రం తమ్ముడు రాఘవేందర్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చాడు. వాడు నాన్నకు తెలియకుండా అప్పుడప్పుడూ వస్తుండేవాడు. అయితే వాడి కడుపులో మాట ఆగదు. నాన్న గట్టిగా ఒకసారి చూస్తే చాలు, అన్నీ కక్కేస్తాడు. వాడు బల్ల మీద ఒక కవరు పెట్టాడు. అందులో కొబ్బరికాయంత దారపు ఉండ ఉంది. గొర్రెపిల్ల మొదటి కత్తిరింపు బొచ్చు, నల్లగా, మెత్తగా ఉంది. అమ్మ చేతి వడుకు అని తాకగానే తెలిసింది.

"అమ్మ ఇచ్చింది అక్క. పిల్లకు టోపీ అల్లుకొమ్మన్నది. మొత్తం విప్పి, కడిగి, అప్పుడు అల్లుకోవాల్నట."

"ఇంకేమన్నది?"

"ఇంకేమనలే."

నా ఒళ్లు భగ్గుమంది. మూడేళ్ల తర్వాత ఒక్క మాట, అదీ ఒక పురమాయింపు. ఎట్లున్నవని లేదు, ఎన్నో నెల అని లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నాన్న జేబులో ఉంటుందని నాకు తెలుసు. తెలిసినా ఒప్పుకోవాలనిపించలేదు. కోపమొస్తే మనకు తెలిసిన సంగతులు కూడా మనకు పనికిరావు.

ఉండను ఇంటికి తెచ్చి మంచం మీద పడేశాను. మా అత్తయ్య దేవమణి దాన్ని రెండు చేతులా ఎత్తుకుంది. ఆమె గుంటూరు వైపు మిషన్ స్కూల్లో అల్లికలు నేర్పి రిటైరైన టీచరు. అల్లడం నాకు నేర్పింది కూడా ఆమే.

"మీ అమ్మగారిది బంగారంలాంటి చెయ్యి, నవీనా. ఎక్కడా సన్నం, లావు లేదు. కానీ చేతి వడుకును ఉండ మీద నుంచి అలాగే అల్లకూడదమ్మా. మొత్తం చిలపగా విప్పి, గోరువెచ్చటి నీళ్లలో ముంచి ఆరెయ్యాలి. అప్పుడే పురి సర్దుకుంటుంది."

"ఆమే చెప్పింది, మీరూ చెప్పండి," అన్నాను.

"ఏంటమ్మా, నీళ్లలో ముంచడానికి కూడా అలకేనా?"

అలకే. ఆమె రాలేదు, నేనెందుకు ఆమె దారం కడగాలి అనుకున్నాను. మర్నాడే సూది మీద అరవై కుట్లు ఎక్కించాను. ఆఫీసు నుంచి వచ్చాక కాళ్లు స్టూలు మీద పెట్టుకుని రోజుకు నాలుగైదు వరుసలు అల్లేదాన్ని. దారంలో గొర్రె వాసన, అమ్మ కొంగు వాసన కలిసి ఉండేవి. లోపల పిల్ల తన్నేది. నేను అల్లుతూ అమ్మతో మనసులోనే పోట్లాడేదాన్ని. ఒక్క ఫోన్ చేసుంటే నీ సొమ్మేం పోయేది, ఒక్కసారి వచ్చి నా కడుపు చూసుంటే నిన్నెవరు కొట్టేవాళ్లు అని. పోట్లాడుతూనే ఎదురుచూసేదాన్ని కూడా. ఆ మాట ఫ్రెడ్డీతో సైతం చెప్పలేదు.

టోపీ పూర్తయ్యేసరికి ఒక పక్కకు మెలి తిరిగింది. అత్తయ్య దాన్ని అరచేతి మీద పెట్టుకుని అటూ ఇటూ లాగింది, సాగలేదు. కడగని పురి అంతేనంది. ఇంకా బత్తాయంత ఉండ మిగిలింది. మేజోళ్లు కూడా అల్లమంది. చాలన్నాను. ఆ ఉండను బీరువా కింద అరలో పాత చీరల వెనక్కి తోసేశాను.

ఫిబ్రవరిలో పింకీ పుట్టింది. రాఘవేందర్ స్నేహితుడి ఫోన్‌కి చేసి వాడికి చెప్పాను. రెండు రోజుల తర్వాత అదే ఫోన్ నుంచి వాడు చేశాడు.

"అమ్మకు చెప్పిన అక్క. విని ఊకున్నది. ఏమనలే."

మనవరాలు పుట్టిందని విని ఊరుకున్న మనిషి నాకెందుకు అనుకున్నాను. పింకీ ఆ మెలి టోపీ రెండు నెలలు పెట్టుకుంది. తర్వాత తలకు పట్టలేదు.

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి నేను వంటింట్లో ఉన్నాను. ఇరవై నెలల పింకీ బీరువా కింద అరలో దూరింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే అనుమానమొచ్చి వెళ్లి చూశాను. మంచం కోళ్ల చుట్టూ, కుర్చీ చుట్టూ, తన కాళ్ల చుట్టూ నల్ల దారం. చేతిలో ఒక కాగితం పొట్లం, దాన్ని నోట్లో పెట్టుకోబోతోంది. లాక్కున్నాను. కాగితం లోపల పిప్పరమెంటు బిళ్ల కరిగి అంటుకుపోయి ఉంది.

నేను ఆ దారం మధ్యే కూర్చున్నాను. ఉండ చుట్టాలంటే మొదట్లో దేని మీదైనా చుట్టాలి. గుడ్డపీలికో, పుల్లో పెట్టుకుంటారు. అమ్మ మాత్రం పిప్పరమెంటు పెట్టేది, నేను విసుక్కోకుండా ఆఖరుదాకా విప్పుతానని. "ఉండ కడుపుల ఏమున్నదో సూస్కో" అనేది. అన్నానికి పిలిచినా లేవకుండా విప్పేదాన్ని. ఇరవై ఏళ్లలో అది ఎట్లా మరిచిపోయానో నాకిప్పటికీ తెలియదు.

కాగితాన్ని మెల్లగా విడదీశాను. అమ్మకు చదువు రాదు. ఎవరో స్కూలు పిల్ల చేత రాయించింది. అక్షరాలు ఆ పిల్లవి, మాటలు అమ్మవి.

'బిడ్డా నవీన. మీ నాయిన బుధారం బుధారం మాసబ్ ట్యాంక్ పెద్దాఫీసుకు పోతడు. పొద్దూకినంక వస్తడు. గా దినం నేను పంజాగుట్ట మెట్రో మెట్ల కాడ కూసుంట. పదింటికి వస్త, రెండింటి దాంక ఉంట. నిన్ను జూడబుద్ధయితుంది. కోపమున్నా సుత రా.'

బుధవారం దాకా మూడు రాత్రులు నాకు నిద్ర లేదు. సెలవు పెట్టి, పింకీని చంకనేసుకుని, టోపీ సంచిలో పెట్టుకుని పదింటికల్లా పంజాగుట్టలో దిగాను. రెండు వైపులా మెట్లు చూశాను. అమ్మ లేదు. మెట్ల పక్కన పూలమ్మే ఆమెను అడిగాను. పేరు వజ్రమ్మట.

"కదురు తిప్పుకుంట కూసుంటుండె, గామెనా? మొన్న ఎండకాలం దాంక వచ్చింది. ఏడాదిన్నర అట్లనే వచ్చింది. వానొచ్చినా వస్తుండె. ఎవలకోసమమ్మా అంటే, నా బిడ్డ దగ్గర్నే ఉంటది, వస్తది అంటుండె. ఇగ మోకాళ్లు లేస్తలేవని బంద్ చేసింది."

ఏడాదిన్నర. అక్కడికి మా ఆఫీసు నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్. ఎన్నిసార్లు ఆ స్టేషన్ మీదుగా రైల్లో పోయానో లెక్కలేదు. కిందికి ఒక్కసారి దిగలేదు.

నడుచుకుంటూ ఎర్రమంజిల్ వెళ్లాను. నాన్న డ్యూటీకి పోయాడు. తలుపు తీసిన అమ్మ సగానికి సగం చిక్కిపోయింది. నేను గడప ఇవతలే నిలబడ్డాను. అమ్మ ఒక్క క్షణం నన్నూ, పింకీనీ చూసి, తలుపు పట్టుకుని మెల్లగా బయటికి వచ్చి మెట్టు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. పింకీ కొత్త మనిషిని చూసి నా మెడ గట్టిగా పట్టుకుంది.

"సదివి సుత రాకపోతివి," అంది అమ్మ, నా వైపు చూడకుండా. "పిల్ల పుట్టిందని తమ్ముడు చెప్పిండు. ఇగ రాదు, గింత కోపమున్నదేంది నా బిడ్డకు అనుకున్న."

సంచిలోంచి టోపీ తీసి అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ దాన్ని వేళ్లతో నిమిరింది. తిప్పి చూసింది. మెలి పడ్డ వైపు బొటనవేలు ఆగింది.

"కడగకనే అల్లినవ్," అంది. తర్వాత టోపీ మీంచి కళ్లెత్తి, "విప్పలేదా నువ్వు?"

"విప్పలేదమ్మా. మొన్న పింకీ విప్పింది."

"విప్పుమని సెప్పి పంపితిని గదనే."

"కోపంతో విప్పలేదు."

అమ్మ తలూపింది. "మీ నాయిన పోలికే," అంది. చిన్నగా నవ్వబోయింది, కానీ కళ్ల నుంచి నీళ్లు కారాయి. నేను చదివి కూడా రాలేదన్న బాధ తగ్గిందో, తను ఉత్తపుణ్యానికి అంతకాలం కూర్చున్నదన్న బాధ పెరిగిందో నాకు తెలియలేదు. కాళ్లు పట్టుకున్నాను. క్షమించమని అడిగాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది.

కాసేపటికి టోపీని పింకీ తలకు పెట్టబోయింది. అది నడినెత్తి మీద గిన్నెలా కూర్చుంది. పింకీ దాన్ని పీకి కింద పడేసింది. అమ్మ మోకాలు పట్టుకుని వంగి తీసుకుని దుమ్ము దులిపింది.

"పుట్టిన్నాడు ఎంతుండె తల?"

ఎట్లా చెప్పాలో తెలియక, పింకీని ఒళ్లో కూర్చోబెట్టుకుని, నా రెండు పిడికిళ్లూ కలిపి టోపీలో పెట్టి చూపించాను. ఇంత అన్నాను.

అమ్మ టోపీ చుట్టూ రెండు చేతులూ వేసింది. కింద మెడ దగ్గర ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి, పసిపిల్ల తలను పట్టుకున్నట్టు. అట్లాగే పట్టుకుని కూర్చుంది. నా చేతులు తిమ్మిరెక్కాయి. నేను పిడికిళ్లు విప్పలేదు.