కుడివైపు కూతలు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళం: పెదనాన్న, ఆయన కొడుకు ఇంజనీరు అన్నయ్య, నాన్న, అమ్మ, నాన్నమ్మ, నేను. పెద్దమ్మ పుట్టింటికి వెళ్ళింది. పదకొండు గంటలకు పట్నంలోని పిల్లల లైబ్రరీ నుంచి ఒకావిడ వచ్చింది. ముందు గదిలో దుప్పటి కప్పుకుని కొంగ నిలబడి ఉంది. దాన్ని కూడా లెక్కలో వేయాలి. ఆ రోజు నాతో సమానంగా మాటలు పడింది అదొక్కటే.

కొంగను పెదనాన్న నేను పుట్టకముందు చేశాడు. మనిషంత ఎత్తు. రేకు ఎముకలు, గుడ్డ ఈకలు. కడుపులో ఒక చెక్క పీపా, దాని నిండా మేకులు. పీపా తిరుగుతుంటే మేకులు తీగలను లాగేవి, కొంగ మెడ వంచేది, ముక్కు తెరిచేది, రెక్కలు ఎత్తేది, కన్ను మూసేది. బట్టల కొట్ల ముందు దాన్ని నిలబెడితే దారిన పోయేవాళ్ళు ఆగేవాళ్ళట. తర్వాత పీపా పగిలింది. ఏడేళ్ళు మూలన పడి ఉంది. "చచ్చిన కొంగని ఎవడు పూడుస్తాడు, అక్కడే ఉండనీ" అనేవాడు పెదనాన్న.

దాన్ని లేపింది నేను. ఈ మాట ఆ రోజు వరకు డైరీలో తప్ప ఎక్కడా రాయలేదు, ఎవరితోనూ అనలేదు.

మా బడిలో సైన్సు టీచరమ్మ బదిలీ మీద వెళ్తూ నాకొక మైక్రోకంట్రోలర్ బోర్డు ఇచ్చింది. అగ్గిపెట్టెంత ఉంటుంది. మనం రాసిన ప్రోగ్రామును గుర్తుపెట్టుకుని, చెప్పినట్టు చేస్తుంది. అన్నయ్య లాప్‌టాప్ అడిగి తీసుకుని ప్రోగ్రాము రాశాను. పీపా తీసేసి నాలుగు చిన్న మోటార్లు పెట్టాను. వాటికి ఎప్పుడు తిరగాలో ఎవరు చెప్పాలి? నాన్నది మైకుసెట్ల పని. ఇంటి నిండా టేపు డెక్కులు, ఖాళీ క్యాసెట్లు. క్యాసెట్టులో ఎడమవైపు ఒక ధ్వని, కుడివైపు ఇంకో ధ్వని విడివిడిగా ఉంటాయి కదా. ఎడమవైపు కథ, కుడివైపు కూతలు. ఒక్కో మోటారుకు ఒక్కో కూత. సన్నది వస్తే కన్ను, దానికంటే బొంగురుది వస్తే ముక్కు, ఇలా. కూత ఉన్నంతసేపు మోటారు లాగుతుంది, కూత ఆగితే వదులుతుంది. బోర్డు ఆ కూతలనే వింటుంది, మనుషులకు కథ మాత్రమే వినిపిస్తుంది.

చెప్పినంత తేలిగ్గా కుదరలేదు. మొదట రెక్క కూత పౌనఃపున్యాన్ని ముక్కు కూతకు సరిగ్గా రెండింతలు పెట్టాను. ముక్కు తెరవమంటే రెక్కలు కూడా వణికేవి. ఒక కూతలో దాని రెండింతలు కూడా సన్నగా దాగి ఉంటుందని అప్పుడు తెలిసింది. ఏదీ దేనికీ రెట్టింపు కాకుండా నాలుగు అంకెలు వెతకడానికి పదహారు రోజులు పట్టింది. ఆ పట్టిక నా డైరీలో ఉంది.

కథ నాన్నమ్మది. ఎడమ మైకులో ఆమె చెబుతుంటే నేను పక్కన కూర్చుని నాలుగు మీటలు నొక్కాను. ఆ కూతలు అప్పటికప్పుడు కుడివైపు ఎక్కాయి. ఆమె దగ్గిన చోట కొంగ తల వంచుతుంది. పదకొండుసార్లు రికార్డు చేశాం. "నీ కొంగకి కథ చెప్పీ చెప్పీ నా గొంతు కొంగ గొంతయిందే" అనేది నాన్నమ్మ.

కొంగ సంగతి ఎవరి ద్వారానో విని లైబ్రరీ ఆవిడ ముందే ఉత్తరం రాసింది. కొంగను తీసుకుంటాం, దాన్ని నడిపే మనిషి కూడా నెల్లాళ్ళు వచ్చి ఉండాలి, పిల్లలతో కొత్త కథలు రికార్డు చేయించాలి, ఉండడానికి తన ఇంట్లోనే గది ఇస్తాను అని. ఆ ఉత్తరాన్ని నేను ఆరుసార్లు చదివాను. పెదనాన్న ఒక్కసారి చదివి, "మా వాడు వెళ్తాడు" అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. అదే నా తప్పు, అక్కడితో అది ఆఖరి తప్పు.

ఆవిడ వచ్చేసరికి నన్ను వంటింట్లో ఉండమన్నారు. వంటింటి తలుపు చాటు నుంచి ముందు గది సగం కనిపిస్తుంది. ఆవిడ కళ్ళజోడు దారానికి వేలాడుతోంది. కొంగ ముక్కులో వేలు పెట్టి చూసింది.

"పిల్లలు ఇలా పెడితే?"

"పెట్టరండీ" అన్నాడు ఇంజనీరు అన్నయ్య.

"మీకు పిల్లల సంగతి తెలీదు బాబూ. మొట్టమొదట పెట్టేది అదే. ఇంతకీ ఇది ఎలా పనిచేస్తుంది?"

"అంతా సిగ్నల్ ప్రాసెసింగ్ మేడమ్. చెప్పినా కొంచెం కష్టం."

"చెప్పండి, కష్టపడతాను."

అన్నయ్య కళ్ళు సగం మూసి గంభీరంగా నిలబడ్డాడు. కొంగ జపం అంటే ఏమిటో ఆ గదిలో కొంగను కాకుండా ఆయన్ను చూసి నేర్చుకోవాలి. పెదనాన్న అందుకున్నాడు. "మా వాడు పగలూ రాత్రీ దీనిమీదే ఉన్నాడండీ. ముందు చూడండి, మాటలెందుకు?"

నాన్న టేపు డెక్కు నొక్కాడు.

నాన్నమ్మ గొంతు వచ్చింది. అనగనగా ఒక చెరువులో, లో, లో. కొంగ ముక్కు తెరిచింది. మళ్ళీ మూయలేదు. కన్ను ఆగకుండా కొట్టుకుంది. రెక్కలు లేవాల్సిన చోట మెడ వంగి ఉండగానే రెక్కలు లేచి, ఎడమ రెక్క వెళ్ళి ఆవిడ కళ్ళజోడుకు తగిలింది. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి చేత్తో నోరు మూసుకుంది. భయమో నవ్వో తెలియలేదు.

"ఆపు, ఆపు!" అని అరిచాడు పెదనాన్న. ఆ వెంటనే వంటింటివైపు తిరిగాడు. "ఏమే! ఏం చేశావు దీన్ని? నిన్న సాయంత్రం దీని దగ్గర కూర్చున్నది నువ్వే కదా? ఆడపిల్లలు వేలు పెడితే ఇంతే మరి. క్షమించండమ్మా, మా తమ్ముడి కూతురు, కెలుకుతూ ఉంటుంది."

నేను ముందు గదిలోకి వచ్చాను. ఎలా వచ్చానో గుర్తులేదు. నా చేతికి తడి పిండి ఉంది, అది గుర్తుంది.

"పనిచేస్తే అన్నయ్యది, చెడిపోతే నాదా పెదనాన్నా?"

గదిలో అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది అమ్మ. నేను కొత్తవాళ్ళ ముందు మాట్లాడగా ఆమె ఎప్పుడూ వినలేదు. మా బడిలో హాజరు పిలిచినా నేను చెయ్యే ఎత్తేదాన్ని.

"లోపలికి పో" అన్నాడు పెదనాన్న.

"కొంగకేం కాలేదు. క్యాసెట్టుకి అయింది. నాన్నా, దీన్ని కాపీ చేశావా?"

నాన్న డెక్కు వైపే చూస్తూ, "పాతది అరిగిపోతుందేమోనని నిన్న కొత్తదానికి ఎక్కించా. అది పెట్టా" అన్నాడు.

"మైకుసెట్టు మిక్సర్ మీంచి ఎక్కించావు. ఎకో పెట్టావు."

"కొంచెమే పెట్టానమ్మా. మీ నాన్నమ్మ గొంతు మరీ బోడిగా ఉందని."

ఇది మా ఇంట్లో మాత్రమే జరిగే తప్పు. ఇరవై ఏళ్ళుగా నాన్న చేతి కిందికి ఎవరి గొంతు వచ్చినా ఎకో పడకుండా బయటికి పోలేదు. తప్పిపోయిన పిల్లాడి గురించి మైకులో చెప్పినా ఎకోతోనే చెబుతాడు. ఎకో లేని గొంతు మా వాళ్ళకు ఉప్పులేని కూర. అందుకే 'చెరువులో, లో, లో' అని వస్తుంటే ఇంట్లో ఒక్కరికీ తేడా వినిపించలేదు. ఎకో కథకే కాదు, కుడివైపు కూతలకు కూడా పడింది. కూత ఆగినా దాని తోక ఆగలేదు. ముక్కు కూత తోక ఉండగానే కన్ను కూత వచ్చింది, దాని తోక ఉండగానే రెక్కలది వచ్చింది.

నేను ఇదంతా డైరీలో పట్టిక చూపిస్తూ ఆవిడకు చెప్పాను. ఆవిడ చేతికి హెడ్‌ఫోన్ ఇచ్చి, కుడివైపు మాత్రమే పెట్టుకోమన్నాను. విని తల ఊపింది. తర్వాత బల్లమీద ఉన్న పాత క్యాసెట్టు పెట్టాను.

కొంగ మెడ వంచి, ముక్కు తెరిచి, మూసి, చెరువులో చేప వైపు ఒక కన్ను మూసింది. నాన్నమ్మ దగ్గింది. కొంగ తల వంచింది. ఆవిడ ఈసారి నోరు మూసుకోకుండానే నవ్వింది.

"ఎవరు చేశారిది?"

"అందరం కలిసేనండీ..." అన్నాడు పెదనాన్న.

"లాప్‌టాప్ నాది" అన్నాడు అన్నయ్య.

"నేను చేశాను" అన్నాను. మొదటిసారి బయటికి రాలేదు. రెండోసారి అన్నాను. "నేనే చేశాను. లాప్‌టాప్ మాత్రం అన్నయ్యదే."

నాన్నమ్మ మంచం మీద నుంచే, "గొంతు నాది. అది కూడా రాసుకోండి" అంది.

పెదనాన్న మొహం చూడలేకపోయాను. కొంగ ఎముకలన్నీ ఆయన వంచినవే, ఆ సంగతి నేను మరిచిపోలేదు. కానీ ఆయన అన్న మాట ఇది: "సరే, చేసింది. ఊసుపోక చేసింది. వచ్చేది మాత్రం మా వాడే. ఆ క్యాసెట్టూ, డైరీలో ఆ పట్టికా వాడికి ఇచ్చెయ్యవే."

"ఇవ్వను."

"ఏమన్నావ్?"

"కొంగ నీది పెదనాన్నా. తీసుకెళ్ళండి. కూతలు నావి. నేను వెళ్తేనే అవి వస్తాయి."

"నోట్లో నాలుక లేదనుకున్నానే! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?"

"అరవకురా" అంది నాన్నమ్మ. "నా కథకి ఎకో పెట్టి చూపించినప్పుడే మీ అందరి తెలివీ తెల్లారింది."

అన్నయ్య మెల్లగా, "పట్టిక ఇస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటా కదా" అన్నాడు నాతో. తిట్టలేదు, బతిమాలినట్టే అన్నాడు. ముక్కుది ఏ కూతో చెప్పమన్నాను. ఆయన కొంగ వైపు చూశాడు. కొంగ ఏమీ చెప్పలేదు.

లైబ్రరీ ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని లేచింది. "చూడండి, చెడిపోయినప్పుడు ఎందుకు చెడిపోయిందో చెప్పగలిగిన మనిషి కావాలి నాకు. ఇంకెవరొచ్చినా కొంగ మళ్ళీ మూలనే పడుతుంది. మీ ఇంటి సంగతిలో నేను జోక్యం చేసుకోను. బస్సు ఒంటిగంటకి. అప్పటిదాకా స్టాపులోనే కూర్చుంటాను. అమ్మాయి వస్తే కొంగని రేపు బండి పంపించి తెప్పించుకుంటాం. రాకపోతే వద్దు."

ఆవిడ వెళ్ళిపోయింది. గోడ గడియారంలో పన్నెండూ ఇరవై.

నేను డెక్కులోంచి క్యాసెట్టు తీసుకున్నాను. పెదనాన్న గుమ్మానికి అడ్డంగా లేడు, అది ఆయన పద్ధతి కాదు. ఆయన కుర్చీలోనే కూర్చుని అన్నాడు. "క్యాసెట్టు అక్కడ పెడితే లోపలికి పో. పట్టుకుంటే బయటికి పో. రెండే దారులు."

నాన్న మిక్సర్ మీద ఎకో మీటను సున్నాకి తిప్పి, అక్కడే వేలు ఉంచాడు. తల ఎత్తలేదు.

నేను బయటికి వెళ్ళాను. మెట్టు కాలింది. వీధిలో ఎండ నిలువుగా పడుతోంది. వెనక నుంచి పెదనాన్న గొంతు వినిపించింది. "మరదలా, ఆ తలుపు వెయ్యి. ఎంతసేపు నిలబడుతుందో చూద్దాం."

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. నా వైపు చూడలేదు, నా చేతిలో క్యాసెట్టు వైపు చూసింది. చేతిలో ఉన్న నా డైరీని మెట్టు మీద పెట్టింది. తలుపు వెనక ఉన్న నా చెప్పులను కాలితో గడప దాటించింది. తర్వాత తలుపు వేసి గడియ పెట్టింది.