అమ్మది జ్వరం కాదు

పెళ్ళికి ముందే వదినకు అంతా తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఇందులో మళ్ళీ ఆలోచించడానికి ఏమీ లేదని తాళాలాయన ఏనాడో తేల్చుకున్నాడు. భార్య పోయి నాలుగేళ్ళు. భార్య అక్కతో మాట మానేసీ నాలుగేళ్ళే.

ఆకురాయి ఆపకుండా తాళంచెవి పళ్ళమీద నడిపిస్తున్నాడు. మేడమెట్ల కింద కొట్టు. నిలబడితే నెత్తి తగులుతుంది. ఇరవయ్యారేళ్ళుగా కూర్చునే ఉన్నాడు కాబట్టి ఇబ్బంది లేదు. ఇత్తడి రజను వేలిగీతల్లో ఇంకిపోయి, ఎంత రుద్ది కడిగినా చేతులు పచ్చగా మెరుస్తుంటాయి. వెనక చెక్కకు నాలుగు వందల పైచిలుకు చెవులు వేలాడుతున్నాయి. వాటిని రంగుల ప్రకారం వరసగా పేర్చింది కూతురు.

అది ఇరవై రోజుల కిందటి సంగతి. పదకొండేళ్ళు నిండిన పిల్ల బడి వదలగానే వచ్చి, ఒక్కో చెవికీ ఒక పేరు పెడుతూ, బోసినోరు, పళ్ళికిలి, మూతిముడుపు అంటూ, అన్నీ దించి మళ్ళీ తగిలించింది. ఒక మాట పూర్తికాకముందే ఇంకో మాట. ఆగని నవ్వు. దారిన పోయేవాళ్ళు నిలబడి చూశారు. అప్పటికి పిల్లకి నాలుగు రోజులుగా సరైన నిద్ర లేదు, అయినా అలుపు లేదు. దీనికి నా చెయ్యి వచ్చిందని మురిసిపోయాడు.

ఇవాళ బడి గంటకు ముందే లెక్కల టీచరు వచ్చి ఒక చెవి చేతిలో పెట్టింది. టీచర్ల గది బీరువాది. పళ్ళు నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

అరిగిన చెవికి నకలు తీస్తే అరుగుదలకూ నకలు వస్తుంది. అందుకే మొదటి చెవి తెమ్మంటాడు. అది లేదంటే తాళమే ఊడదీసి తెమ్మంటాడు. ఎంతటివాళ్ళకైనా అదే మాట. ఆ మాటే అనబోతుంటే టీచరు ముందు మాట్లాడింది.

"మీ పిల్ల గురించి ఒక మాటండీ. పోయిన నెల పుస్తకం మొత్తం లెక్కలు రెండు రోజుల్లో చేసేసింది. నేను పాఠం చెప్తుంటే నాకే పాఠం చెప్పింది. ఇప్పుడేమో బల్లమీద తల పెట్టుకుని లేవట్లేదు. మొన్న పరీక్షలో పేరు కూడా రాయలేదు."

"వయసు కదా టీచరుగారూ. పెద్దదవుతోంది."

"నేనూ అలాగే అనుకున్నా. మిగతావాళ్ళూ అలుగుతారు, ఏడుస్తారు. సాయంత్రానికి మర్చిపోతారు. దీనికి పది రోజులైంది. అప్పుడు అంత ఎక్కువ, ఇప్పుడు ఇంత తక్కువ. రెండూ నాకు భయంగానే ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా? వాళ్ళమ్మకి?"

"లేదు. వాళ్ళమ్మ జ్వరంతో పోయింది."

నాలుగేళ్ళుగా అందరికీ చెప్పే జవాబు. నోరు దానంతట అదే చెప్పింది. అతను తల వంచి, అరిగిన చెవినే బిగించి, దానికే నకలు కోసి ఇచ్చేశాడు.

పదకొండింటికి టీచరు మళ్ళీ వచ్చింది.

"మీ చేతి చెవి తిరగకపోవడమేంటండీ! బీరువాకి నేనంటే పడదేమో అనుకున్నా." నవ్వింది. తర్వాత నవ్వు తీసేసింది. "పిల్ల ఇవాళ బడికి రాలేదు. మీకు తెలుసా?"

తెలియదు. పొద్దున జడ తనే వేశాడు. సంచీ భుజానికి తగిలించి తనే పంపాడు. తలుపు సగం వరకు దించి ఇంటికి నడిచాడు.

బడి బట్టల్లోనే మంచంమీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెప్పులు కూడా విప్పలేదు. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ వీపు అతనికి తెలుసు. భార్య వారాల తరబడి ఆ గోడకే అలా తిరిగి పడుకునేది. అంతకుముందు వారాల్లో ఇంట్లోని తెరలన్నీ కుట్లు విప్పి మళ్ళీ కుట్టేది, పాడుకుంటూ, నిద్ర లేకుండా. చివరికి ఒక మధ్యాహ్నం తన చేతులతో తనే ప్రాణం తీసుకుంది. అప్పుడు పిల్లకు ఏడేళ్ళు.

"నాన్నా," అంది పిల్ల, ఇటు తిరగకుండానే. "అమ్మ కూడా ఇలాగే పడుకునేది కదా?"

"ఊఁ."

"జ్వరం వస్తే ఒళ్ళు కాలాలి కదా. నాకు కాలట్లేదు. చూడు."

అతను నుదుటిమీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. చెయ్యి తీయలేకపోయాడు.

"అమ్మది జ్వరం కాదమ్మా," అన్నాడు. "మనసుకి జబ్బు చేసింది. నేను అబద్ధం చెప్పాను."

పిల్ల గోడవైపే చూస్తూ అడిగింది. "నాకూ వచ్చిందా?"

"తెలీదు. తెలుసుకుందాం. లే."

తర్వాత నాలుగేళ్ళుగా నొక్కని నంబరు నొక్కాడు. "పిల్లని డాక్టరుకి చూపించాలి. మీ పుట్టింటి సంగతి అడుగుతారు. నాకు తెలీదు. మీరు రండి." వదిన రెండింటి బస్సుకి దిగింది. చిక్కిపోయింది. అతను కుశలం అడగలేదు.

డాక్టరమ్మ ముందు పిల్లతో ఒంటరిగా మాట్లాడింది. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని సూటిగానే అడిగిందట. లేదందిట పిల్ల, కానీ పొద్దున లేవాలని లేదందిట. తర్వాత పెద్దవాళ్ళని పిలిచింది. పుట్టింట్లో ఈ జబ్బున్నవాళ్ళని వదిన వేళ్ళు మడుస్తూ చెప్పింది: తన తల్లి, చిన్న మేనమామ, చెల్లెలు. మూడు వేళ్ళు మడిచి, నాలుగోది పట్టుకుని, వదిలేసింది.

"వంశంలో ఉంటే పిల్లకి రావాలని లేదు," అంది డాక్టరమ్మ. "రాదనీ లేదు. ఇప్పుడే పేరు పెట్టను. నిద్ర, తిండి, మాట, రోజూ రాసిపెట్టండి. వారానికోసారి తీసుకురండి. మళ్ళీ నిద్ర అక్కర్లేనంత హుషారు వచ్చినా, చావు మాటెత్తినా, ఆ రోజే రండి. ఎంత ముందు చెప్తే అంత మంచిది. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదూ?"

ఎవరిని అడిగిందో తెలియలేదు.

ఇంటికొచ్చాక పిల్ల సగం రొట్టె తిని నిద్రపోయింది. వదిన మంచినీళ్ళు తీసుకుని, గోడవైపు తిరిగి తాగింది. వెలుతురు ఉండగానే ఆమెని బస్సు దాకా దిగబెట్టాడు.

"చెబితే చేసుకునేవారా మరిదిగారూ?"

"చేసుకునేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు. దానికీ ఒక ఇల్లు ఉండాలనుకున్నా. నాలుగు తిట్టండి, పడతాను."

"పిల్ల గురించి డాక్టరుతో మాట్లాడతాను. రేపు టీచరుతో మాట్లాడతాను. అది ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు చెప్తాను. మీరు దాచిన మాట మాత్రం ఇంక నా నోట రాదు. మీరూ ఎత్తొద్దు."

బస్సు వచ్చింది. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఇటు చూసింది. అతను బస్సు నంబరు చూశాడు.

తిరిగొచ్చేసరికి పిల్ల ఇటు తిరిగి పడుకుని ఉంది. బల్లమీద, తడి గ్లాసు పక్కన, వదిన మరిచిపోయిన మాత్రల అట్ట ఉంది. వెలుతురుకి పట్టుకుని పేరు చదివాడు. భార్య నెల్లాళ్ళు వాడి కిటికీలోంచి విసిరేసిన మందు అదే. ఆ నాలుగో వేలు ఎవరిదో ఇప్పుడు తెలిసింది. అడిగితే వదిన చెబుతుంది. అతను అడగడు, ఏనాటికీ.

అట్టను ఎక్కడ నుంచి తీశాడో అక్కడే పెట్టాడు: ఆరు గుంతలు ఖాళీ, నాలుగింటిలో తెల్లటి మాత్రలు.