మగ్గం గొంతు

నూలు చుట్టే కండె సగం నిండేసరికి దారం తెగింది. కోమలి ముడి వేసి మళ్లీ రాట్నం తిప్పింది. పక్కనే రెండు మరమగ్గాలు దడదడలాడుతున్నాయి. నగరిలోని ఆ వీధిలో మాట్లాడాలంటే రెండే దారులు. గొంతు చించుకుని అరవాలి, లేదా ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పోల్చుకోవాలి. కోమలికి రెండూ వచ్చు.

అరుపు బడిదాకా వెంట వెళ్లింది. పదో తరగతంతా ఆమెకు మైకుసెట్టు అని పేరు పెట్టింది. ఆడపిల్లవి, మెల్లగా మాట్లాడవే అని కృపామణి టీచరు చెప్పీ చెప్పీ విసిగిపోయింది. కోమలి తగ్గలేదు. ఆ గొంతు ఒక్కడికైనా పనికొచ్చింది మరి.

వాడు యువరాజ్, నాలుగేళ్లుగా ఆమె తరగతే. చెవికి మిషన్ పెట్టుకుంటాడు. ఎవరేమన్నా నవ్వి ఊరుకుంటాడు. వీళ్లిద్దరికీ స్నేహమేమిటని క్లాసంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ. కోమలి వాడికి పెదవులు చదవడం నేర్పింది. పాఠం నడుస్తుండగానే ఈ మూల నుంచి ఆ మూలకు చప్పుడు లేకుండా కబుర్లు సాగేవి. ఒక్క మాట మాత్రం ఇద్దరూ దాచుకున్నారు.

ఈరోజు ఆఖరి పరీక్ష. అది కాగానే మధ్యాహ్నం బస్సుకు యువరాజ్ వాళ్లు నాయుడుపేట వెళ్లిపోతారు. వాళ్ల నాయనకు అక్కడ ఫ్యాక్టరీలో పని దొరికింది.

పొద్దున కండెల హడావుడిలో కోమలి పరీక్ష రాసే అట్ట మరిచిపోయి వచ్చింది. యువరాజ్ తన అట్ట ఆమె చేతిలో పెట్టి, తాను గతుకుల బెంచీ మీదే పరీక్ష రాశాడు.

బయటికొచ్చేసరికి పిల్లలు ఒకరి మీద ఒకరు ఇంకు చల్లుకుంటున్నారు. యువరాజ్‌ను వాళ్లమ్మ అప్పుడే తీసుకెళ్లిపోయింది. కోమలి వాడి అట్ట పట్టుకుని, ఇంకు మరకలతోనే బస్టాండుకు పరుగెత్తింది.

బస్సు కదలబోతోంది. వాడు కిటికీ పక్కన ఉన్నాడు. చెవికి మిషన్ లేదు, బస్సు హోరు పడక తీసేసి ఉంటాడు. పెదవులు కదిపితే చాలు, ఎవరికీ తెలియదు. కానీ ఆ మాట దొంగచాటుగా చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు.

"యువరాజ్! నువ్వంటే నాకిష్టం రా!"

పూలమ్మే ఆమె, కండక్టరు, బస్సులోని జనం, అందరూ ఇటు తిరిగారు. వాళ్లమ్మ చెయ్యి పట్టి లాగుతున్నా యువరాజ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నాకూ!" అని అరిచాడు. నాలుగేళ్లలో వాడి గొంతు అంత పెద్దగా ఎవరూ వినలేదు.

కోమలి అట్ట పైకెత్తి చూపింది. "నీకే" అన్నాయి వాడి పెదవులు. బస్సు వెళ్లిపోయింది. ఆమె అక్కడే నిలబడి కాసేపు ఏడ్చింది, సిగ్గుపడలేదు.

ఇల్లు చేరేలోపే కబురు చేరింది. బువ్వకు తప్ప మగ్గం ఆపని వాళ్ల నాయన గంగులప్ప రెండు మగ్గాలూ ఆపేశాడు.

"బస్టాండులో అరిచినావంట?"

"అరిచినాను నాయనా. ఆ పిల్లోడంటే నాకిష్టమని సెప్పినాను. తిడితే తిట్టు, లేదని మాత్రం అనను."

నిశ్శబ్దంలో ఆ గొంతు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

"మెల్లగా సెప్పేదానికి రాలేదా నీకు?"

"ఈ ఇంట్లో పుట్టి మెల్లగా మాట్లాడేది యాడ నేర్చుకునేది?"

గంగులప్ప వెనక్కి తిరిగి మగ్గం మీట మీద చెయ్యి వేశాడు.

"కండెలు అయిపోయినాయి. సుట్టుపో."

మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. రాట్నం వెనక గోడకు ఆనించిన యువరాజ్ అట్ట ఆ అదురుకు వణుకుతోంది, దాని ఇనుప క్లిప్పు టకటకా కొట్టుకుంటూనే ఉంది.