వైసుకు చోటు

“గా ఇనుప ముక్కను పాతసామాన్లు కొనేటోనికి ఇచ్చేస్త. బాల్కనీల ట్రెడ్‌మిల్ పెట్టాలె,” అన్నాడు నా భర్త దినేశ్, నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుండగా.

అతను ఇనుప ముక్క అన్నది నా వైసును, చెక్కను కదలకుండా బిగించి పట్టుకునే పనిముట్టును. పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు పాత ఇనుము దుకాణంలో కొనుక్కున్నాను. అప్పటికే అది ఎవరి చేతిలోనో ఒక జీవితం గడిపి వచ్చింది. బల్ల అంచుకు బిగించి, దాని రెండు దవడల మధ్య వేపచెక్క పెట్టి పిడి తిప్పితే, నా చెయ్యి ఎంత వణికినా చెక్క కదలదు. సన్నరంపంతో ఒక్కొక్క పన్నూ కోసుకుంటూ దువ్వెన చేస్తాను. అమీర్‌పేటలో రోజంతా కంప్యూటర్ పాఠాలు చెప్పి, పంజాగుట్టలోని ఈ ఇంటికొచ్చి, వండి, తోమి, అన్నీ సర్దాక నాలో మిగిలే ఆ కాస్త ‘నేను’ బాల్కనీలోనే ఉంటాను. “ఆడిదాని చేతులేనా గివి? కాయలు కాసినయ్,” అంటుంది మా అత్త చంద్రమ్మ, నేను చేసిన దువ్వెనతోనే తల దువ్వుకుంటూ. “ఆన్‌లైన్ల దొరకవా దువ్వెనలు?” అని నవ్వుతాడు దినేశ్. చెక్క నలగకుండా దవడలకు తోలుముక్కలు అంటించాను. గట్టిగా పట్టుకుంటూనే నొప్పించకుండా ఉండొచ్చని నాకు తెలిసింది ఆ పనిముట్టు దగ్గరే, మనుషుల దగ్గర కాదు. ఇంట్లో ఎన్ని మిక్సీలు మారాయో. దీనికి మాత్రం అప్పుడప్పుడు కాస్త కుట్టుమిషన్ నూనె చాలు.

ఆదివారం ట్రెడ్‌మిల్ వచ్చింది. దినేశ్ బాల్కనీలో వైసుతో కుస్తీ పట్టాడు. చెమటలు కారాయి గాని అది ఊడలేదు. అతను తిప్పుతున్నది దవడల పిడి. బల్లను పట్టుకున్న మర కిందుంటుంది.

“సుకన్యా, జర నువ్వే విప్పరాదు. నీ మాటే ఇంటది ఇది.”

వంగి విప్పాను.

“గంతేనా! కింద ఆటోల ఏసిరా. పాతసామానాయన నిలబడ్డడు.”

దాని బరువు చేతుల్లోకి వచ్చింది. నన్ను తీసెయ్యడానికి కూడా నన్నే పిలిచారు అనిపించింది. లిఫ్టు వైపు వెళ్ళలేదు. హాల్లోకి వచ్చి, భోజనాల బల్ల అంచుకు ఆనించి, మర బిగించాను.

“ఓయమ్మో! గాడ పెడితే మేం యాడ తినాలె?” అంది అత్త.

“ఇంకా మూడు దిక్కులున్నయ్ గద అత్తమ్మా,” అన్నాను, రంపం తెచ్చుకోవడానికి వెళ్తూ.